కొండ దిగేటప్పుడు ముందు బ్రేకు మెత్తబడింది, పెద్ద డిస్క్ వేయించాలా?

ఒక తమ్ముడు రాసి అడిగింది క్లుప్తంగా ఇదీ: 2016 మోడల్ 150 సిసి బండి, ముందు 240 ఎంఎం డిస్క్, వెనక డ్రమ్. భార్యను ఎక్కించుకుని తిరుమల పోయి వస్తున్నాడు. దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని చాలా దూరం న్యూట్రల్‌లో వచ్చాడు. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక ముందు బ్రేకు లివర్ మెత్తబడిపోయి గ్రిప్పుకు తగిలింది. వెనక బ్రేకు తొక్కి ఎట్లో ఆపుకున్నాడు. అరగంట కూర్చుంటే బ్రేకు మళ్ళీ మామూలుగా పట్టింది. ఇప్పుడు ఒక షెడ్డులో పెద్ద డిస్క్, స్టీల్ పైపు, కొత్త మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఆయిల్‌ను నొక్కే పంపు) అన్నీ కలిపి 14 వేలు చెప్పారట. వేయించాలా వద్దా?

వద్దు. ముందు బ్రేక్ ఆయిల్ మార్చు, క్యాలిపర్ (డిస్క్‌ను రెండువైపులా పట్టే భాగం) విప్పి శుభ్రం చేయించు, అందులో డిస్క్‌ను రుద్దే ప్యాడ్లు చూడు. వెయ్యీ పదిహేనువందల్లో అయిపోయే పని. ఇవన్నీ చేసి, గేరులో దిగడం అలవాటు చేసుకున్నాక కూడా బ్రేకు చాలలేదనిపిస్తే అప్పుడు స్టీల్ పైపు గురించి మాట్లాడుకుందాం. పెద్ద డిస్క్ మాట అప్పుడు కూడా ఎత్తను.

నాకు తిరుపతిలో షెడ్డు పెట్టి 22 ఏళ్ళయింది. అలిపిరి వైపు నుంచి తోసుకుంటూ వచ్చే బండ్లు వారానికి ఒకటైనా ఉంటాయి. కథ దాదాపు ఒకటే: దిగేటప్పుడు లివర్ మెత్తబడింది, చల్లారాక బాగైంది, ఇక్కడికొచ్చేసరికి ఏమీ లేదు. అసలు ప్రమాదం ఆ 'బాగైంది' దగ్గరే ఉంది. బాగైంది కదా అని ఇంటికి పోతారు, మళ్ళీ ఆర్నెల్లకు కొండకు పోతారు.

నీ బండికి ఏం జరిగిందో చెప్తాను. బ్రేకు వేస్తే బండి వేగం ఎక్కడికీ పోదు, డిస్క్‌లో వేడిగా మారుతుంది. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. బండి, మీరిద్దరూ కలిపి 280 కిలోలు అనుకో. ఆ బరువు అంత ఎత్తు నుంచి కిందికి వచ్చేసరికి వదిలించుకోవాల్సిన వేడితో ఐదారు లీటర్ల చన్నీళ్ళు మరగబెట్టవచ్చు. గేరులో దిగితే అందులో మంచి వాటా ఇంజిను తీసుకుంటుంది. కొంత గాలికి పోతుంది. నువ్వు న్యూట్రల్‌లో వచ్చావు కాబట్టి ఇంజిను వాటా కూడా తెచ్చి ఆ చిన్న డిస్క్ నెత్తిన పెట్టావు. పైగా దిగే దారి 1944లో వేసిన పాత ఘాటు. ఇరుకు మలుపులు, ఒకటి తిరిగేలోపే ఇంకొకటి. బ్రేకు మీది వేలు తీసే పని ఉండదు.

ఆ వేడి డిస్క్ నుంచి ప్యాడ్లకూ, ప్యాడ్ల నుంచి క్యాలిపర్ పిస్టన్‌కూ, అక్కడి నుంచి లోపలి ఆయిల్‌కూ ఎక్కుతుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ ఈ ఆయిల్‌కు ఒక గుణం ఉంది, గాలిలోని తేమను పీలుస్తుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత సరిగా పెట్టకపోతే ఏమవుతుందో, అట్లాగే. మూత బిగించి ఉన్నా రబ్బరు పైపులోంచి కొద్దికొద్దిగా తేమ దిగుతూనే ఉంటుంది. నీరు 3.7 శాతానికి చేరిందంటే అదే డాట్ 4 మరిగే హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. పాత బండ్లకు పోసే డాట్ 3 అయితే ఇంకా తక్కువ, 205 నుంచి 140కి. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కినా నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే లివర్ గ్రిప్పు దాకా పోయింది. నీ చేతి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోయింది, ప్యాడ్ల దాకా చేరలేదు. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమైంది, బ్రేకు తిరిగొచ్చింది. నీళ్ళు మాత్రం అందులోనే ఉన్నాయి.

నువ్వు బండి కొన్నప్పటి నుంచి ఆయిల్ మార్చలేదని రాశావు. 'తగ్గినప్పుడు పోయించాను' అన్నావు కూడా. తగ్గిందని పోయడం వేరు, మార్చడం వేరు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, పైన మట్టం తగ్గుతుంది. మట్టం తగ్గితే ముందు ప్యాడ్లు చూడాలి. అవి బాగుండి మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు లెక్క. పాత ఆయిల్ మీద కొత్తది పోసినంత మాత్రాన క్యాలిపర్‌లో ఉన్న పాతది కదలదు. మరిగేది అక్కడిదే.

రెండేళ్ళకొకసారి మొత్తం మార్చాలి, బండి తిరిగినా తిరగకపోయినా. భాకరాపేట ఘాటులో రోజూ పాల క్యాన్లతో దిగే ఒకాయన బండికి నేను ఏడాదికొకసారే మారుస్తాను. మొదటిసారి ఆయన బండి క్యాలిపర్ మీద ఆయిల్ వదిలే నిపుల్ విప్పినప్పుడు వచ్చింది ఆయిల్ కాదు, అచ్చం కాఫీ డికాషన్. కొత్తది లేత పసుపు రంగులో, తేటగా ఉంటుంది. రంగు మారింది అంటే పాతబడినట్టే, కానీ రంగు తేటగా ఉంది కాబట్టి బాగుందని అనుకోవద్దు. నీరు కంటికి కనపడదు.

ఆయిల్ కొనేటప్పుడు సీలున్న చిన్న సీసా కొను, నీ కళ్ళ ముందే తెరవమను. రెండు వందల లోపే దొరుకుతుంది. షెడ్డుల్లో అరలో సగం సీసా ఒకటి నెలల తరబడి ఉంటుంది, అందులోంచి పోస్తారు. అది సీసాలో ఉండగానే తేమ పట్టేసి ఉంటుంది. వేరేవాళ్ళను అనడమెందుకు, మొదటి నాలుగైదేళ్ళు నేనూ అదే పని చేశాను. మాస్టర్ సిలిండర్ మూత మీద డాట్ 3 అని ఉంటే 3 గానీ 4 గానీ పోయవచ్చు. డాట్ 4 అని ఉంటే 4 లేదా 5.1. డాట్ 5 అని విడిగా ఉంటుంది, అది సిలికాన్, మన బండ్లకు పోయకూడదు. 5కీ 5.1కీ తేడా ఆ చివరి చుక్కా ఒకటీ మాత్రమే కాదు, జాతే వేరు.

ఇప్పుడు క్యాలిపర్. నీ బండిలో రెండో తప్పు ఇక్కడుందని నా అనుమానం. బండి మెయిన్ స్టాండు వేసి, ముందు చక్రం పైకి లేచేట్టు ఎవరినైనా వెనక కూర్చోబెట్టి, చేత్తో తిప్పి చూడు. రెండు మూడు చుట్లు తిరిగితే సరే. 'స్‌స్‌స్' అంటూ సగం చుట్టుకే ఆగితే ప్యాడ్లు డిస్క్‌ను వదలడం లేదు. అంటే నువ్వు బ్రేకు పట్టకపోయినా పొద్దున్నుంచీ అది వేడెక్కుతూనే ఉంది.

ఒకవైపే పిస్టన్ ఉండే ఈ క్యాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. అప్పుడే రెండు ప్యాడ్లూ సమానంగా పట్టి, సమానంగా వదులుతాయి. పిన్నుల మీది రబ్బరు బూటు చిరిగితే నీళ్ళు పోయి తుప్పు పడుతుంది. అప్పుడు ఒక ప్యాడ్ సగం ఉండగానే రెండోది రేకు దాకా అరిగిపోతుంది. విప్పినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడు. మందం తేడా కొట్టొచ్చినట్టు ఉంటే పిన్ను జామ్ అయినట్టే.

పిన్నులు లాగి, తుప్పు తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు వద్దు. బ్రేకు రబ్బర్లు పెట్రోలియం తగిలితే ఉబ్బిపోతాయి. పిస్టన్ చుట్టూ ఉండే సీలు కూడా అదే రబ్బరు. అది ఊరికే ఆయిల్ కారకుండా ఆపడానికి మాత్రమే ఉండదు. బ్రేకు పట్టినప్పుడు పిస్టన్‌తో పాటు కొంచెం మెలిపడి, వదిలినప్పుడు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగేది అదే. స్ప్రింగు పని చేస్తుందన్నమాట. కిరసనాయిలు, డీజిలు పోసి క్యాలిపర్ కడిగారంటే ఆ స్ప్రింగు పోయినట్టే.

పిస్టన్‌ను లోపలికి నొక్కే ముందు, బయటికి కనపడే భాగాన్ని పాత టూత్‌బ్రష్షూ సబ్బునీళ్ళతో రుద్ది కడగాలి. ఇది చాలామంది చేయరు. మట్టితో సహా లోపలికి తోసేస్తారు, సీలు గీసుకుపోతుంది. తోసేటప్పుడు పైన మట్టం పెరిగి ఆయిల్ పొంగుతుంది, ట్యాంకు మీద పడితే పెయింటు ఊడుతుంది. పక్కన బక్కెట్లో నీళ్ళు పెట్టుకుని వెంటనే కడిగేయాలి. నీళ్ళతో చక్కగా పోతుంది.

ప్యాడ్ల సంగతి. నీవి తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడు. అద్దంలా మెరుస్తుంటే వేడికి మాడి గట్టిపడ్డాయి. పైపైన అయితే సమంగా ఉన్న పలక మీద ఉప్పు కాగితం పరిచి దాని మీద రుద్దితే ఆ పొర పోతుంది. మందం రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే రుద్దే శ్రమ కూడా వద్దు, మార్చెయ్. నీ వివరాలు బట్టి నేనైతే కొత్తవే వేస్తాను.

వేసేది కంపెనీ ప్యాడ్లే అయితే చాలు. 'సింటర్డ్' అని లోహపు పొడిని కరిగించకుండా వేడితో, ఒత్తిడితో గట్టిపరిచి చేసినవి కూడా దొరుకుతాయి. అవి వేడికీ వానకూ తట్టుకుంటాయి, నిజమే. కానీ డిస్క్‌ను త్వరగా అరగదీస్తాయి, చల్లగా ఉన్నప్పుడు మొదటి పట్టు కొన్నిటికి తక్కువ. ఆ రకం ప్యాడ్లకని తయారైన డిస్క్ కాకపోతే జోలికి పోవద్దు.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. పోయినేడు రేణిగుంట నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. కొత్త ప్యాడ్లు, కొత్త ఆయిల్, అయినా బ్రేకు పట్టదు. ఇద్దరు మెకానిక్‌లు మాస్టర్ సిలిండర్ పోయిందన్నారట. లివర్ నొక్కి చూశాను, రాయిలా ఉంది. అంటే ఒత్తిడి బాగానే పోతోంది, ప్యాడ్ దగ్గరే జారుతోంది. డిస్క్ మీద వేలు పెట్టి రాసి వాసన చూశాను. డీజిలు. ఏమప్పా అంటే, నిన్ననే వాటర్ సర్వీసు చేయించానన్నాడు. కడిగాక మెరుపు కోసం బండంతా డీజిలు స్ప్రే కొడతారు కదా, అది డిస్క్ మీదా పడింది. ప్యాడ్లు పీల్చుకున్నాయి. వాటిని కాల్చి వాడదాం, పెట్రోల్లో నానబెడదాం అంటారు, కుదరదు. పారేసి కొత్తవి వేయాల్సిందే. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి పంపాను. సర్వీసుకు ఇచ్చినప్పుడు చక్రాల దగ్గర స్ప్రే వద్దని నోరు తెరిచి చెప్పు.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే కొండకు పోవద్దు. అవి డిస్క్‌కు కుదురుకోవాలి. తెల్లవారుజామున కరకంబాడి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 40 స్పీడులో పోతూ 10 దాకా తగ్గించు, పూర్తిగా ఆపకుండా మళ్ళీ వేగం పెంచు. మధ్యలో కొంచెం చల్లారనిస్తూ ఇరవై ముప్పై సార్లు. మొదట్లో చప్పగా ఉంటుంది, తర్వాత పట్టు పెరగడం నీ వేళ్ళకే తెలుస్తుంది.

డిస్క్ ప్లేటు మీద చిన్న అక్షరాల్లో 'మిన్ టిహెచ్' (కనీస మందం) అని ఒక అంకె చెక్కి ఉంటుంది. అంతకంటే పలచబడితే మార్చాలి. అంచు అరగదు కాబట్టి అంచు దగ్గర కొలిస్తే మోసపోతావు, ప్యాడ్ రుద్దుకునే చోట కొలవమను. వేడెక్కిన డిస్క్ మీద నీళ్ళు మాత్రం ఎప్పుడూ పోయకు, వంకర పోతుంది. అలిపిరి దగ్గర బాటిల్ నీళ్ళు పోసి 'చల్లబరిచేవాళ్ళను' చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది.

పాత ఆయిల్ మార్చి పైపులోని గాలి బయటికి పంపడం, అంటే ఎయిర్ తీయడం, ఇంట్లోనూ చేయవచ్చు, చేతి కింద ఒక మనిషి ఉంటే. చాలా బండ్ల నిపుల్‌కు 8 నంబరు స్పానరు పడుతుంది. నిపుల్‌కు పారదర్శకమైన సన్న ట్యూబు తొడిగి, రెండో చివర కొంచెం కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు లివర్ నాలుగైదు సార్లు నొక్కి పట్టుకోవాలి, రెండోవాళ్ళు నిపుల్ పావు చుట్టు వదలాలి. లివర్ గ్రిప్పు దాకా పోతుంది. నిపుల్ బిగించాకే లివర్ వదలాలి. తిరగబడితే ఎంత కష్టపడినా గాలి లోపలికే పోతుంది. పైన మట్టం అడుగంటనివ్వకూడదు. డికాషన్ రంగు పోయి లేత పసుపు వచ్చేదాకా, ట్యూబులో బుడగ కనపడనంతదాకా. చివర్లో మొండి బుడగ ఒకటి పైన పైపు వంపులో ఉండిపోతుంది. రాత్రికి లివర్‌ను గుడ్డతో గ్రిప్పుకు కట్టేసి వదిలెయ్, తెల్లారేసరికి సన్న బుడగలు పైకి చేరుకుని లివర్ గట్టిపడుతుంది. ఎందుకో గానీ మా షెడ్డులో పిల్లలకు ఈ చిట్కా మీద గురి కుదరదు, పొద్దున చూసి ప్రతిసారీ ఆశ్చర్యపోతారు.

సరే, అప్‌గ్రేడ్ల మాట.

స్టీల్ పైపు మంచిదే. రబ్బరు పైపు ఒత్తిడికి కొద్దిగా ఉబ్బుతుంది, స్టీల్ అల్లిక ఉన్నది ఉబ్బదు, లివర్ స్పర్శ బిగువుగా ఉంటుంది. కానీ ఆయిల్ మరగడాన్ని అది ఆపలేదు. నీ సమస్యకు మందు కాదు. నీ పైపు ఎనిమిదేళ్ళు దాటింది కాబట్టి ఎట్లాగూ మార్చాలి. కంపెనీ రబ్బరుదైనా నాలుగేళ్ళకు మార్చడం మంచిది. మార్చినప్పుడు బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు కొత్తవి వేయించు. పది రూపాయల వాషరు దగ్గర పొదుపు చేసి ఆయిల్ కారుతున్న బండ్లు ఎన్నో చూశాను.

మాస్టర్ సిలిండర్ దగ్గర అందరూ బోల్తా పడతారు. పెద్ద బండిది తెచ్చి వేస్తే లివర్ గట్టిగా ఉంటుంది, బ్రేకు బలం పెరిగిందని సంబరపడతారు. నిజానికి తగ్గుతుంది. 12.7 ఎంఎం బోరు (లోపలి గొట్టం వెడల్పు) తీసి 14 వేశావనుకో, పిస్టన్ విస్తీర్ణం ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. అదే చేతి బలం ఎక్కువ చోటు మీద పంచుకోవాలి, ఒత్తిడి 18 శాతం దాకా పడిపోతుంది. రాయిలా గట్టిగా ఉన్న లివర్ వేరు, గట్టిగా పట్టే బ్రేకు వేరు. అట్లాగని చిన్న బోరు వేస్తే ఒత్తిడి పెరుగుతుంది, లివర్ ఎక్కువ దూరం నడుస్తుంది. క్యాలిపర్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య లెక్క కంపెనీ వాళ్ళు చూసి పెట్టారు, ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ఆ లెక్క తప్పుతుంది.

పెద్ద డిస్క్ వల్ల లాభం లేదని అనను. 240 నుంచి 260కి పోతే అదే నొక్కుకు ఎనిమిది శాతం దాకా ఎక్కువ పట్టు వస్తుంది, వేడిని కూడా ఎక్కువ మోస్తుంది. కానీ క్యాలిపర్‌ను బయటికి జరపాలి, దానికి బ్రాకెట్ కావాలి. ఆ బ్రాకెట్‌ను ఇక్కడ లేత్ షాపులో ఇనుప పట్టీ కోసి, రెండు రంధ్రాలు వేసి ఇస్తారు. కొండ దిగేటప్పుడు బండి, మీ ఇద్దరి బరువూ ఆ రెండు రంధ్రాల మీద ఆగాలి. నా షెడ్డులో ఆ పని చేయను, చాలామంది అలిగి పోయారు కూడా. ఇది కాక రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళతో తకరారు వేరే.

ఇంకొక మాట: నీ బండికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసేది) లేదు. 125 సిసి దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది, నీది అంతకుముందుది. బ్రేకు బలం పెంచితే టైరు దాన్ని నేలకు చేర్చగలగాలి. ముందు టైరు గట్టిపడి, గాట్లు అరిగి ఉంటే పెద్ద డిస్క్ చేసే పని ఒకటే, చక్రాన్ని ఇంకా త్వరగా లాక్ చేయడం. ఖాళీ రోడ్డులో 30 స్పీడులో రెండు వేళ్ళతో క్రమంగా గట్టిగా పట్టి చూడు. ముందు ఫోర్కు బాగా దిగి టైరు కుయ్యిమనేదాకా వస్తే బ్రేకుకు బలం చాలు. ఆ 14 వేలలో మూడు వేలు పెట్టి మంచి ముందు టైరు వేయించు, మిగతావి దాచుకో.

దిగే పద్ధతి: పైన టోల్‌గేట్ దాటగానే సెకండ్ గేరు, కొంచెం వాలు తగ్గినచోట థర్డ్. ఇంజిను ఆఫ్ చేయడం, న్యూట్రల్ వేయడం వద్దు. బ్రేకు మీద వేలు పెట్టి రుద్దుకుంటూ రావద్దు. మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి వేగం తగ్గించి, పూర్తిగా వదిలెయ్, డిస్క్‌కు గాలి తగలనీ. మళ్ళీ ఎప్పుడైనా లివర్ మెత్తబడితే గబగబా నాలుగైదుసార్లు కొట్టు, కొంత పట్టు వస్తుంది. ఆ లోపు గేరు తగ్గించి, వెనక బ్రేకుతో కొండవైపు గోడ పక్కకు చేర్చు, లోయ వైపు కాదు.

పని అయ్యాక మాస్టర్ సిలిండర్ మూత పైవైపు మార్కరుతో నెల, ఏడాది రాసుకో. బండి అమ్మేటప్పుడు కొనేవాడికీ చూపించవచ్చు. అన్నట్టు, మీ ఆవిడ ఇక బండి మీద కొండకు రానన్నదని రాశావు కదా, ఆమెను తొందరపెట్టకు. కొత్త ప్యాడ్లు కుదురుకున్నాక ముందు నువ్వొక్కడివే పోయి రా. అలిపిరికి దిగాక బండి ఆపి, డిస్క్‌ను ముట్టుకోకుండా దగ్గరగా చెయ్యి పెట్టి సెగ చూడు, లివర్ నొక్కి చూడు. ఎక్కేముందు ఎంత దూరంలో పట్టిందో దిగాక కూడా అంతే దూరంలో పడితే, తర్వాతి వారం ఇద్దరూ పోండి. తేడా ఉంటే ఎంత తేడా ఉందో, చక్రం తిప్పినప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో రాయి, చూద్దాం.